తెగిన ఇయర్‌ఫోన్ పిన్‌ను ఇంట్లోనే మార్చుకోవడం

పిన్ దగ్గర వైరును అటూ ఇటూ వంచితే పాట వస్తూ పోతూ ఉందా? స్పీకర్లకేం కాలేదు. రోజూ అక్కడే మడతపడి లోపలి తీగలు తెగాయంతే. పోతపోసిన పాత పిన్‌ను కోసి బాగుచేయాలని చూడకండి, దండగ పని. కొత్త 3.5 మి.మీ. పిన్ వేయడమే మేలు. టైప్ సి పిన్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

ముందు పాత పిన్ మీది గీతలు లెక్కపెట్టండి. రెండుంటే మైక్ లేనిది, మూడుంటే మైక్ ఉన్నది. అదే రకం, మర తిప్పి విప్పే తొడుగున్నది కొనండి (హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది). 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న సోల్డర్ (టంకం) తీగ, కాస్త ఫ్లక్స్ (టంకం బాగా అంటేందుకు రాసేది), తీగల కనెక్షన్ చూసే మల్టీమీటర్ కావాలి.

పాత పిన్‌ను 3 సెం.మీ. వైరుతో సహా కత్తిరించి పారేయండి. వెంటనే కొత్త పిన్ తొడుగును వైరుకు ఎక్కించేయండి. అంతా అతికించాక తొడుగు బల్ల మీదే ఉండిపోవడం ఈ పనిలో మామూలే!

పై ప్లాస్టిక్‌ను 1.5 సెం.మీ. ఒలిస్తే వెంట్రుకల్లాంటి రంగు తీగలు కనిపిస్తాయి. చాలామంది చతికిలబడేది ఇక్కడే. ఆ రంగు ఎనామిల్ పూత, అంటే కరెంటును ఆపే సన్నటి పొర. అది పోనిదే టంకం అంటదు, అంటినట్టు కనిపించినా కరెంటు పారదు. ఐరన్ మొనమీద సోల్డర్ బొట్టు కరిగించి, ఫ్లక్స్ రాసిన తీగ కొసను 3 మి.మీ. మేర అందులో నాలుగైదు సెకన్లు ముంచండి. పొగ వచ్చి కొస వెండిలా మెరిస్తే పూత పోయినట్టే. లైటర్‌తో కాల్చినా పోతుంది కానీ రాగి పెళుసుబారుతుంది.

సాధారణంగా ఆకుపచ్చ ఎడమ చెవికి, ఎరుపు కుడికి, ఒట్టి రాగి రంగు గ్రౌండ్‌కు (రెండు చెవులకూ ఉమ్మడి తీగ). అయినా రంగుల్ని గుడ్డిగా నమ్మొద్దు. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (నిరోధం కొలిచే చోట) పెట్టి రెండేసి తీగలకు తాకించండి. గ్రౌండ్‌తో కలిసినప్పుడు ఒక చెవిలోనే టిక్కుమంటుంది, చాలావాటిలో 16 లేదా 32 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. ఎడమ కుడి తీగల మధ్య దానికి రెట్టింపు.

పిన్ కొసకు ఎడమ, తర్వాతి రింగుకు కుడి. రెండు గీతల పిన్‌లో మిగిలింది గ్రౌండ్. మూడు గీతల దాంట్లో మూడోది గ్రౌండ్, తొడుగు వైపున్న చివరిది మైక్. కొన్ని పాత ఫోన్లకు ఈ రెండూ తారుమారు. పిన్ లోపల తీగలు అతికించే రేకుల్లో ఏది ఏ రింగుదో మీటర్ బీప్‌తో చూసుకోండి.

అతికించేటప్పుడు పిన్‌ను పనికిరాని పాత సాకెట్‌లో గుచ్చి ఉంచండి. రేకు వేడెక్కితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి రింగులు కదిలిపోతాయి. సాకెట్ వాటిని పట్టి ఉంచుతుంది. రేకుకు ముందే సోల్డర్ పూసుకుంటే, తీగ ఆనించి రెండు సెకన్లు తాకిస్తే చాలు.

తొడుగు బిగించకముందే పాట పెట్టి వినండి. గాయకుడి గొంతు మాయమై వాయిద్యాలే ఎక్కడో దూరంగా వినిపిస్తే గ్రౌండ్ అతకలేదు. ఒక చెవి మూగబోతే ఆ తీగకు పూత మిగిలింది. రెండు చెవుల్లో తేడా లేకుండా ఒకటే వినిపిస్తే ఎడమ కుడి తీగలు తాకుతున్నాయి.

అన్నీ సరిగ్గా ఉంటే రేకుల మధ్య సన్న టేపు ముక్క పెట్టి, పిన్ వెనకున్న పట్టీని వైరు పై ప్లాస్టిక్ మీద నొక్కండి. సన్న తీగల మీద నొక్కితే వారంలో మళ్లీ తెగుతాయి.