పూరీ పోయే దారిలో బరంపురంలో ఒక రాత్రి ఆగాలంటే

పోయిన జనవరిలో, విశాఖలో నాతో డిగ్రీ చదివిన నలుగురు కారేసుకుని పూరీ బయల్దేరారు. ఇచ్ఛాపురంలో టీ తాగుతూ ఫోన్ చేసి, "అరగంటలో నీ ముందుంటాం" అన్నారు. గంట దాటినా పత్తా లేరు. నేనే చేస్తే ఛత్రపురం దాటి ఎక్కడో ఉన్నారు. "ఏట్రా, మీ ఊరు ఎప్పుడొచ్చింది, ఎప్పుడెళ్లిపోయింది?" అని ఎదురు నన్నే అడిగారు.

వాళ్లననడానికి లేదు. హైవే మా ఊరిని ఒరుసుకుంటూ పక్కనుంచి పోతుంది. ఇచ్ఛాపురం నుంచి 25 కిలోమీటర్లే కాబట్టి మాటల్లో పడితే తెలీదు. పైగా బరంపురం అనేది మన నోట్లో పేరు, బోర్డుల మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. మ్యాప్‌లో కొట్టేటప్పుడు బ్రహ్మపూర్, గంజాం జిల్లా, ఒడిశా అని చూసి మరీ నొక్కండి. బెంగాల్లో బహరంపూర్ అని ఇంకోటుంది. దాన్ని నొక్కితే కోల్‌కతా కూడా దాటించేస్తుంది.

ఆ నలుగుర్నీ వెనక్కి తిప్పించి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచుకున్నాను. అప్పుడు పడ్డ తిప్పలు మీరు పడకూడదని ఇదంతా రాస్తున్నాను.

విశాఖ నుంచి సుమారు 270 కిలోమీటర్లు. తెల్లారగట్ల 4కి కదలండి, 9 లోపు ఊళ్లో ఉంటారు. అంత పెందలాడే ఎందుకంటే టిఫిన్ కోసం. 10 దాటితే మంచి బళ్ల దగ్గర గిన్నెలు కడుక్కుంటూ కనిపిస్తారు. పెట్రోలు ఆంధ్రాలో ఫుల్ ట్యాంకు కొట్టించకండి, బోర్డర్ దాటేదాకా సరిపడా ఉంటే చాలు, మా వైపు రేటు తక్కువ. పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ తేదీలు మాత్రం ఇంటి దగ్గరే చూసుకోండి. ఇక్కడ వాటి విషయంలో ఊరుకోరు.

దిగడానికి నా ఓటు ఊళ్లోకే. చాలామంది నేరుగా గోపాల్‌పూర్ బీచ్ పక్కన రూము తీసుకుంటారు. శని, ఆదివారాలు అక్కడ రేట్లు చెట్టెక్కుతాయి, రాత్రి 9 దాటితే తినడానికి వెతుక్కోవాలి. ఊళ్లో బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు బోలెడు. కాకపోతే పెళ్లిళ్ల రోజులు చూసుకోండి. మావాళ్లకి నేను ఫోన్లో మాట్లాడి ఖాయం చేసిన లాడ్జీవాడు, మేం వెళ్లేసరికి రెండు రూములూ పెళ్లివారికి ఇచ్చేసి, "భాయి, మీరు పేరు చెప్పారు గానీ డబ్బు పంపలేదు కదా" అన్నాడు. నిజమే, పంపలేదు. మీరు అడ్వాన్సు పంపి, పంపినట్టు మెసేజ్ పెట్టించుకోండి. కారు అక్కడే వదిలేసి ఆటోలో తిరగండి. బడా బజారు సందుల్లోకి కారు తెచ్చినవాడు రెండోసారి తేడు.

ఇక టిఫిన్. ఇడ్లీ, దోసె మీ దగ్గరా ఉంటాయి. ఇక్కడ అడగాల్సింది ఉప్మా-ఘుగుని. ఘుగుని అంటే ఎండు బఠాణీ కూర, కొంచెం పల్చగా, అల్లం, గరం మసాలా వాసనతో. ఆకు దొప్పలో వేడి ఉప్మా పెట్టి, దాని నడుమ గరిటెతో చిన్న గుంట చేసి ఘుగుని పోస్తాడు. మీద ఒక బరా, అంటే మన గారెనే, విరిచి పడేస్తాడు. ఉప్మా అంటే మొహం చిట్లించే మా బావ దొప్ప అడుగు దాకా తుడిచేసి, ఒంటి వేలితో ఇంకోటి చూపించాడు. ఘుగుని ఇంకాస్త కావాలంటే "ఆఉ టికె" అనండి, డబ్బులడక్కుండా పోస్తాడు. దహిబరా-ఆలూదమ్, అంటే పెరుగు గారెలూ బంగాళాదుంప కూరా, దొరుకుతుందా అని అడక్కండి. దొరుకుతుంది గానీ అది కటక్ వాళ్ల గొప్ప, మాది కాదు.

భాష గురించి భయం అక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయ్యేదాకా మేమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవాళ్లం. లాంజిపల్లి, కోమపల్లి అని పేటల పేర్లు వింటేనే తెలుస్తుంది. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి పుట్టింది ఇక్కడే, 1894లో. ఇక్కడి ఖల్లికోట కాలేజీలోనే చదివారు. ఆయన పేరుతో గిరి రోడ్డు ఉంది, ఎలాగూ షాపింగ్‌కి అటే పోతారు. తెలుగులో అడిగితే పదిమందిలో నలుగురైనా తెలుగులోనే జవాబిస్తారు. అందులో మధ్య మధ్య ఒడియా దొర్లుతుంది, నవ్వకండి. మా అబ్బాయి తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే అక్షరం రాదు, వాడిది ఒడియా బడి. ఎవరైనా ఒడియాలో జవాబిస్తే మాత్రం గొంతు పెంచి మళ్లీ తెలుగులోనే చెప్పకండి. "కెతె?" అంటే ఎంత. "టికె కమ్ కరంతు" అంటే కాస్త తగ్గించండి. ఈ రెండూ ఉంటే బజారు నడుస్తుంది.

బజారు పని మధ్యాహ్నం లోపు ముగించుకోండి. ఒంటిగంట, రెండు దాటాక చాలా షాపులు షట్టరు దించేస్తాయి, మళ్లీ సాయంత్రమే. బరంపురాన్ని పట్టు ఊరు అంటారు, ఆ మాట పుట్టించింది మా నేతగాళ్లే. మా తాత మగ్గం మీద కూర్చున్న మనిషి. మా దేవాంగుల్ని ఇక్కడ డేరా వాళ్లంటారు. బరంపురం పట్టు గుర్తు అంచులో ఉంటుంది. గుడి గోపురాల్లా కోసుగా పైకి లేచే వరస, దాన్ని ఫోడా కుంభ అంటారు. ఈ చీరకీ, మగవాళ్ల పంచె-ఉత్తరీయం జోడాకీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది.

కొనేటప్పుడు చీర మడత మీద చేత్తో నిమిరి "అబ్బ, మెత్తగా ఉంది" అని మోసపోకండి, పాలిస్టరూ మెత్తగానే ఉంటుంది. చీర విప్పించి అంచు తిరగేసి చూడండి. ఆ కోసు దగ్గర రంగు మారేచోట వెనకవైపు కూడా బొమ్మ శుభ్రంగా ఉందా, పోగులు తెగి వేలాడుతున్నాయా గమనించండి. అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ ఉందా చూడండి. అనుమానం తీరకపోతే కొంగు చివర వేలాడే పోగు ఒకటి అడిగి తీసుకుని బయట అగ్గిపుల్లతో కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. ప్లాస్టిక్కయితే ముద్దకట్టి గట్టి పూసలా మిగులుతుంది. పోగు ఇవ్వనన్నవాడి దగ్గర మా అమ్మ చీర కొనేది కాదు.

చీర బేరం కుదరకపోయినా అప్పడాలు కొనండి. ఇక్కడివాళ్లు పాంపడ అంటారు. వడియాలు, ఊరగాయలు కూడా అదే వీధుల్లో. అప్పడాల కట్ట డిక్కీలో స్పేర్ టైరు పక్కన పెట్టకండి, పూరీ చేరేసరికి పొట్టు ఏరుకోవాలి. వెనక సీటు మీద బట్టల సంచుల పైన పెట్టండి.

మధ్యాహ్నం భోంచేసి పడుకోండి. ఎండాకాలమైతే పఖాళ దొరికే చోట అదే తినండి. మన చద్దన్నం లాంటిదే, వేయించిన చేపముక్క, బడిచూరా (వడియాల పొడి) పక్కన పెట్టుకుంటే నిద్ర దానంతటదే వస్తుంది.

నాలుగింటికి గోపాల్‌పూర్. ఊరి నుంచి 16 కిలోమీటర్లు. ఒకప్పుడు ఇక్కణ్ణుంచి రంగూన్‌కి ఓడలు పోయేవి. ఎండ తగ్గాక లైట్‌హౌస్ చుట్టూ తిరిగి ఒడ్డుకి రండి. అస్తమయం సముద్రంలో కనపడదు, తూర్పు తీరం కదా. సూర్యుణ్ణి నీళ్ల మీద చూడాలంటే పొద్దున్నే మళ్లీ రావాలి. మావాళ్లు వస్తామన్నారు, ఎవడూ లేవలేదు.

ఇక్కడి సముద్రాన్ని ఆర్కే బీచ్ అనుకోకండి, మరీ మాట్లాడితే ఆర్కే బీచ్‌నీ నమ్మకూడదు. అడుగు లోతుగా జారిపోతుంది, అల వెనక్కి లాగేటప్పుడు కాలికింద ఇసుక కూడా పోతుంది. మాలో ఒకడు మోకాళ్ల లోతే కదా అని నిలబడ్డాడు. ఒక అల చెప్పులు పట్టుకుపోయింది, రెండోది వాణ్ణే కూలేసింది. వల బాగుచేసుకుంటున్న ముసలాయన లేచొచ్చి చెయ్యి పట్టి లాగి, చక్కటి తెలుగులో తిట్టాడు. ఇక్కడి జాలర్లని నోలియాలంటారు, వాళ్లింట్లో భాష తెలుగే. దిగాలనుకుంటే ముందు వాళ్లనడగండి. వద్దంటే వద్దు. మందు తాగినవాణ్ణి మాత్రం ఎవరు చెప్పినా దింపకండి.

మర్నాటి పొద్దున ఒక్కటే పెట్టుకోండి. గుడి కావాలంటే తారా తారిణి, 30 కిలోమీటర్లు, ఋషికుల్యా నది ఒడ్డున కొండ మీద. 999 మెట్లున్నాయి, రోప్‌వే కూడా ఉంది. చైత్రమాసం మంగళవారాల్లో మాత్రం ఆ ఛాయలకి పోకండి, జనం కిక్కిరిసి ఉంటారు. నీళ్లు కావాలంటే హైవే మీదే ముందుకెళ్తే రంభ దగ్గర చిలికా సరస్సు వస్తుంది, పడవెక్కి రెండు గంటల్లో మళ్లీ రోడ్డు మీద ఉంటారు. నన్నడిగితే చిలికాయే. ఎలాగూ పూరీలో గుడి ఉంది.

నెలల సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అక్టోబరులో వస్తే వాతావరణ కేంద్రం మాట వినకుండా బండి తియ్యకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మా వీధిలో ఒక్క రేకు కప్పూ దాని ఇంటి మీద మిగల్లేదు. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ జాతర వస్తుంది. వారాల తరబడి ఊరంతా వేషాలే, రాత్రిళ్లు నిద్రుండదు, రూమూ ఉండదు. డేరా వాళ్లింటి ఆడపడుచుగా అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు చేస్తాం. ఆ రోజుల్లో రావాలనుంటే ఊళ్లో ఎవరిదైనా ఇల్లు చూసుకోండి. మా ఇంట్లో చాపలు నాలుగున్నాయి. మా బావ ఒకటి ఇప్పటికే చెప్పి పెట్టుకున్నాడు.