ర్యామ్ పరీక్ష, 4వ పాఠం: రోహిణి కార్తెలో టెస్ట్

పోయిన పాఠంలో డీడీఆర్5 రకం ర్యామ్‌ను (కంప్యూటర్ మెమరీని) 6000 స్పీడుకు తెచ్చి, తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపాం. ఒక్క ఎర్రర్ రాలేదని మురిసిపోయాం కూడా. ఆ ఫలితాన్ని సగమే నమ్మండి. హన్మకొండలో రాత్రి పన్నెండుకు పాసైన ర్యామ్, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి పాసవ్వాలని ఏమీ లేదు.

ర్యామ్‌లో ఒక్కో బిట్ ఓ బుల్లి కెపాసిటర్‌లో ఛార్జీగా ఉంటుంది. అడుగున సన్నని చిల్లు పడ్డ రంజన్ అనుకోండి. నీళ్లు కారుతూనే ఉంటాయి, ఖాళీ అయ్యేలోపు మళ్లీ నింపాలి. ఇలా నింపడమే రిఫ్రెష్. వేడెక్కే కొద్దీ చిల్లు పెద్దదవుతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు రిఫ్రెష్ చేయాలని ప్రమాణాల్లోనే రాసి ఉంది.

బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగ్స్‌లో, టీఆర్‌ఈఎఫ్‌ఐ అనే అంకె చూడండి. రెండు రిఫ్రెష్‌ల మధ్య ఎంతసేపు ఆగాలో చెప్పేది అదే. డీడీఆర్5లో మామూలుగా 3.9 మైక్రోసెకన్లు. ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది గనక 6000 ర్యామ్ అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్, కాబట్టి 3.9ని 3000తో గుణిస్తే 11,700 క్లాక్‌లు. రిఫ్రెష్ జరుగుతున్నప్పుడు ర్యామ్ వేరే పని చేయలేదు. అందుకే స్పీడు పిచ్చి ఉన్నవాళ్లు ఈ అంకెను 65,535కు పెంచేస్తారు. అంటే దాదాపు 21.8 మైక్రోసెకన్లు రంజన్ వైపు ఎవరూ చూడరన్నమాట! చలికాలంలో చెల్లుతుంది. మే నెలలో ఎర్రర్లు వస్తే నేను మొదట అనుమానించేది దీన్నే.

మెమ్‌టెస్ట్86 నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డ్‌కు పని ఉండదు. గేమ్ ఆడేటప్పుడు మాత్రం దాని వేడి గాలి ర్యామ్‌కు తగులుతుంది. కాబట్టి ఈసారి విండోస్‌లోనే నడిచే ర్యామ్ టెస్ట్ ప్రోగ్రామ్ టెస్ట్‌మెమ్5 పెట్టి, పక్కనే గ్రాఫిక్స్ కార్డ్‌కూ లోడ్ ఇవ్వండి. కేబినెట్ మూత తీయొద్దు. డీడీఆర్5 స్టిక్‌లోనే టెంపరేచర్ సెన్సర్ ఉంటుంది, వేడి లెక్కలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో రీడింగ్ కనిపిస్తుంది. మొదటి ఎర్రర్ ఎన్ని డిగ్రీల దగ్గర వచ్చిందో రాసుకోండి. ముందుగా ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి, తప్పులు చేసే ర్యామ్ విండోస్‌నే పాడు చేయగలదు.

ఎర్రర్ వచ్చిందా? అంకెలేవీ ముట్టుకోకుండా, ర్యామ్ మీదికి గాలి తగిలేలా 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి జిప్ టైలతో కట్టి మళ్లీ నడపండి. ఎర్రర్ పోతే తప్పు వేడిది. పోకపోతే వోల్టేజీ, టైమింగులు చూడాలి, అంటే 3వ పాఠానికి వెనక్కి.

ఫ్యాన్ చాలక నేనోసారి ర్యామ్ వాటర్ బ్లాక్‌లోకి (లోపల నీళ్లు పారుతూ వేడి లాగే లోహపు దిమ్మెలోకి) బకెట్లోని ఐసు నీళ్లు తిప్పాను. గదిలో కూలర్ నడుస్తోంది. తడిసిన గడ్డి మీదుగా వచ్చే గాలిలో తేమ ఎంతుంటుందో తెలిసిందేగా. చల్లటి మజ్జిగ గ్లాసుకు చెమట పట్టినట్టు బ్లాక్‌కు పట్టింది, బొట్లు స్లాట్‌లోకి జారాయి. బోర్డు పోయింది. తప్పు నాదే. గది గాలి కంటే చల్లగా చేయాలంటే ముందు తేమ సంగతి చూసుకోవాలి.

రికార్డుల కోసం పోటీపడేవాళ్లు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ వాడతారు, తేమ చేరకుండా బోర్డుకు వ్యాజిలిన్ పూస్తారు. మన పశువైద్యశాలల్లో ఎద్దుల వీర్యం దాచేదీ ఆ ద్రవంలోనే. అలాగని డాక్టర్‌గారి దగ్గరికి ఫ్లాస్కు పట్టుకుని వెళ్లకండి, మనకు ఫ్యాన్ చాలు.

ఇంటిపని: మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు మధ్య, టీఆర్‌ఈఎఫ్‌ఐ 11,700 పెట్టి ఒకసారి, 30,000తో ఒకసారి, 65,535తో ఒకసారి టెస్ట్ చేయండి. గది వేడి, స్టిక్ వేడి, ఎర్రర్ వచ్చిన నిమిషం నోట్‌బుక్‌లో రాయండి. కరెంటు మధ్యలో పోతే ఆ రౌండ్ లెక్కలోకి రాదు, మొదటి నుంచి నడపాలి. 5వ పాఠం మొదలయ్యేది ఆ నోట్‌బుక్‌తోనే.