ఇంటి కరెంటు లెక్క – నాలుగో పాఠం: గీజరుకు వేళ కట్టడం

పోయిన పాఠంలో మీటరు మీద మెరిసే ఎర్ర దీపాన్ని లెక్కపెట్టి, ఏ వస్తువు ఎంత కరెంటు కాలుస్తోందో తేల్చడం నేర్చుకున్నాం. ఆ అభ్యాసం చేసినవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది: కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ వైపు మన ఇళ్లలో చలికాలం బిల్లు పెంచేది ఫ్రిజ్ కాదు, టీవీ కాదు, స్నానాలగది గోడకు వేలాడే గీజరు. ఘాటీ దిగువన సాలూరు, పార్వతీపురంలో ఉన్న చుట్టాలకు అది ఏడాదిలో కొన్నాళ్ల అవసరం. కొండపైన ఉన్న మనకు కార్తీకం నుంచి శివరాత్రి దాకా అది లేనిదే తెల్లారదు.

ఫ్యాన్‌కి, లైటుకి లేని గుణం ఒకటి గీజరుకు ఉంది. లైటు వేసినప్పుడే వెలుగు. గీజరు అలా కాదు, ఇప్పుడు కాచిన నీళ్లు ఆరు గంటల తర్వాత కూడా పనికొస్తాయి. జోలాపుట్టు జలాశయంలో నీళ్లు నిలవ చేసి, కావలసిన వేళకు వదిలి మాచ్‌ఖండ్‌లో కరెంటు తీసినట్టే, మనం ఒక వేళ కరెంటును వేడిగా నిలవ చేసుకుని ఇంకో వేళ వాడుకోవచ్చు. ఈ పాఠం అంతా ఈ ఒక్క వెసులుబాటు గురించే. దాన్ని రూపాయల్లోకి మార్చడమే మనం నేర్చుకోబోయే విద్య.

ముందుగా మూల సూత్రం. నీళ్లు ఎన్ని లీటర్లో, ఎన్ని డిగ్రీలు వేడెక్కాలో ఆ రెండూ గుణించి 860తో భాగించండి. వచ్చేది యూనిట్లు. పదిహేను లీటర్ల గీజరులో 18 డిగ్రీల నీళ్లు 58కి చేరాలంటే 15 × 40 ÷ 860, అంటే సుమారు 0.7 యూనిట్. రెండు కిలోవాట్ల గీజరుకు ఇరవై ఒక్క నిమిషాల పని. ఆ నీళ్లలో చన్నీళ్లు కలిపి ఒంటికి పట్టే 40 డిగ్రీలకు తెచ్చుకుంటే ఇరవై ఏడు లీటర్లు వస్తాయి. ఒక మనిషికి స్నానం ముగిసి, మొహం కడుక్కోవడానికి ఇంకాస్త మిగులుతాయి.

ఇప్పుడు పొద్దుట ఆరున్నరకు వీధిలోకి చూడండి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏది, అంటే గీజర్ల లాంటి భారమైతే 100 కిలోవాట్ల దాకా మోసేది అనుకుందాం. దాని కింద అరవై ఇళ్లు, ఇంటికో రెండు కిలోవాట్ల గీజరు. అందరికీ స్కూలు, డ్యూటీ, పూజ ఒకే వేళకు కాబట్టి అందరూ ఒకేసారి స్విచ్ వేస్తే అది 120 కిలోవాట్ల భారం. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది. చాలామంది గమనించని సంగతి ఇక్కడే ఉంది. వోల్టేజీ 230 నుంచి 180కి దిగితే గీజరు శక్తి ఆ నిష్పత్తిలో తగ్గి ఊరుకోదు, దాని వర్గం లెక్కన తగ్గుతుంది. 180ని 230తో భాగిస్తే 0.78. దాన్ని దానితోనే గుణిస్తే 0.61. రెండు వేల వాట్ల గీజరు పన్నెండు వందల పైచిలుకు వాట్లకు పడిపోతుంది. ఇరవై ఒక్క నిమిషాల్లో కాగే నీళ్లకు ముప్పై నాలుగు నిమిషాలు పడతాయి. యూనిట్లు మాత్రం దాదాపు అన్నే. కానీ ప్రతి ఇంట్లో గీజరు ఎక్కువసేపు వెలుగుతూ ఉండటంతో ఒకరి వేళ ఇంకొకరి వేళతో మరింత కలిసిపోతుంది. వోల్టేజీ లేక గీజరు ఆలస్యం, గీజరు ఆలస్యమై వోల్టేజీ లేదు. దీన్ని తెంపడానికి మీటరు అక్కర్లేదు, ఇల్లిల్లూ ఒక అరగంట అటూ ఇటూ జరిగితే చాలు. ఆ పని ఇరుగుపొరుగు మాట్లాడుకుని చేసుకోవాలని నా గట్టి కోరిక.

కొన్ని దేశాల్లో ఈ జరపడం అనే పనిని కరెంటు కంపెనీకే అప్పగించారు. దాన్నే నియంత్రిత సరఫరా అంటారు. గీజరుకు ఇంట్లో విడిగా ఒక వైరు, దానికి విడిగా లెక్క, మధ్యలో ఒక రిలే, అంటే సంకేతంతో దానంతటదే పనిచేసే స్విచ్. కంపెనీ మామూలు 50 హెర్ట్జ్ కరెంటు మీదే ఇంకొక ఎక్కువ పౌనఃపున్యపు సంకేతాన్ని పంపుతుంది, ఆ సంకేతం అందగానే రిలే తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది. న్యూజిలాండ్‌లో ఈ పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో రెండు రేట్లున్నాయి: టారిఫ్ 31 కింద రోజుకు కనీసం ఎనిమిది గంటలు, టారిఫ్ 33 కింద కనీసం పద్దెనిమిది గంటలు సరఫరా. ఆ గంటలు ఎప్పుడో నిర్ణయించేది కంపెనీ. అడిగినప్పుడల్లా కరెంటు ఇవ్వక్కర్లేదని మీరు ఒప్పుకున్నారు కాబట్టి యూనిట్ చవక. బ్రిటన్‌లో 1978లో వచ్చిన ఎకానమీ 7 రాత్రిపూట ఏడు గంటల చవక రేటు. అప్పట్లో రాత్రి చవక, ఎందుకంటే బొగ్గు కేంద్రాలను రాత్రికి రాత్రి ఆపి తెల్లారి మళ్లీ లేపడం కుదరదు. ఇప్పుడు సౌర విద్యుత్ పెరిగాక మధ్యాహ్నం చవకవుతోంది. దక్షిణ ఆస్ట్రేలియాలో 2020 జులై నుంచి పగలు పది నుంచి మూడు దాకా రేటు తగ్గించింది అందుకే.

మన దగ్గరికి వద్దాం. ఒడిశాలో ఇళ్ల రేటు శ్లాబుల మీద నడుస్తుంది: మొదటి 50 యూనిట్లు, ఆపైన 200 దాకా, 400 దాకా, ఆ తర్వాత. ఈ శ్లాబుకు వేళతో పని లేదు. అర్ధరాత్రి కాచినా పొద్దున కాచినా ఒకటే ధర. కాబట్టి మామూలు మీటరు ఉన్న ఇంట్లో వేళ మార్చి బిల్లు తగ్గించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ తగ్గించగలిగేది యూనిట్ల సంఖ్య ఒక్కటే. ఏ వేళకు ఎన్ని యూనిట్లు కాలాయో విడిగా రాసుకునే స్మార్ట్ మీటరు వస్తే లెక్క మారుతుంది. కేంద్రం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం, సాగు కనెక్షన్లు మినహా మిగతా అందరికీ ఎంత ఆలస్యమైనా 2025 ఏప్రిల్ 1 నుంచి, స్మార్ట్ మీటరు బిగించాక, వేళను బట్టి రేటు ఉండాలి. సౌర వేళల్లో, అంటే ఎండ బాగా కాసే పగటి గంటల్లో, మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తక్కువ. అందరూ ఒకేసారి వాడే రద్దీ వేళల్లో ఇళ్లకు మామూలు రేటుకు కనీసం 1.10 రెట్లు. ఏ గంటలు ఏ కోవలోకి వస్తాయో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చెబుతుంది. మీ మీటరుకు అది వర్తిస్తోందో లేదో బిల్లు మీద చూసుకోండి.

మా ఎదురింటి పిన్ని అడిగిన ప్రశ్న ఇక్కడ అడ్డుతగులుతుంది. "ఏమ్మా, గీజరు రోజంతా వేసే ఉంచితే తక్కువ కాలుతుందంట కదా, నీళ్లు చల్లారవు గదా?" కాదు పిన్నీ. వేడి నీళ్లకు, చుట్టూ ఉన్న గాలికి ఎంత తేడా ఉంటే అంత వేగంగా వేడి కారిపోతుంది. ఎప్పుడూ 60 దగ్గర పట్టి ఉంచితే రోజంతా గరిష్ఠ వేగంతో కారుతుంది. కట్టేసి చల్లారనిస్తే కారడం నెమ్మదిస్తుంది. గీజరు మీద అతికించిన స్టార్ లేబుల్ చెప్పేది సరిగ్గా ఈ కారుడు గురించే. నీళ్లకు, గాలికి 45 డిగ్రీల తేడా ఉంటే ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని యూనిట్లు పోతాయన్నది అక్కడి లెక్క.

అదే మీ ఇంట్లో కొలవండి. రాత్రి గీజరు వేసి, గీజరు మీది దీపం ఆరేదాకా ఉంచి, స్విచ్ కట్టేయండి. ఎవరూ కుళాయి తిప్పకూడదు. ఎనిమిది గంటల తర్వాత మళ్లీ వేసి, దీపం ఎన్ని నిమిషాలు వెలిగిందో గడియారంలో చూడండి. రెండు కిలోవాట్లకు ఆరు నిమిషాలంటే 0.2 యూనిట్ పోయినట్టు. దీపం వెలగకపోతే, నీళ్ల వేడిని బట్టి గీజరును వేసి ఆపే థర్మోస్టాట్ మేల్కొనేంత చల్లారలేదన్నమాట. మంచి గీజరే, మరో రెండు గంటలాగి చూడండి.

ఇక అసలు లెక్క. నలుగురికి తలా ఇరవై లీటర్ల బకెట్, 18 నుంచి 40 డిగ్రీలకు: 80 × 22 ÷ 860, సుమారు 2.05 యూనిట్లు. పదిహేను లీటర్ల గీజరు ఇన్ని నీళ్లు ఒకేసారి దాచలేదు, కనుక అలాంటి ఇంట్లో వేళ మార్చే మాటే లేదు. యాభై లీటర్లది ఉంటే 60 డిగ్రీలకు ఒకసారి కాచితే 2.44 యూనిట్లు, అంటే పొద్దుటిదాకా కారిపోవడానికి 0.39 మిగులు. మామూలు రేటు అయిదు రూపాయలు అనుకుందాం. సౌర వేళ నాలుగు, రద్దీ వేళ అయిదున్నర. పొద్దున రద్దీలో కాచుకుంటే 11 రూపాయల 28 పైసలు. ముందురోజు మధ్యాహ్నం కాచి దాచుకుంటే 9 రూపాయల 76 పైసలు. నెలకు మిగిలేది నలభై అయిదు రూపాయల చిల్లర. పొద్దుటి వేళ రద్దీలోకి రాకపోతే రోజుకు అర్ధరూపాయి కూడా మిగలదు. దీనికోసం కొత్త యాభై లీటర్ల గీజరు కొనమని నేను చెప్పను. పాతది పాడై ఎలాగూ కొనాల్సి వస్తే మాత్రం స్టార్లు ఎక్కువున్నది, కాస్త పెద్దది చూడండి.

ఇందులోంచి గుర్తుంచుకోదగ్గ కొలబద్ద ఒకటి దొరుకుతుంది. తగ్గింపు 20 శాతమైతే, కారిపోయే యూనిట్లు మీరు వాడే యూనిట్లలో నాలుగో వంతు దాటకూడదు. దాటితే చవక రేటు మొత్తం గోడలోంచి గాలిలోకి పోయినట్టే. సాయంత్రం స్నానం చేసే ఇళ్లకు ఈ చిక్కు లేదు. మూడింటికి కాచి ఆరింటికి వాడుకుంటే కారేది స్వల్పం, తగ్గింపు దాదాపు పూర్తిగా చేతికొస్తుంది. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసే సునాబెడ కాలనీ ఇళ్లకు ఇదే మేలైన దారి అని నా లెక్క.

ఖర్చు తగ్గుతుందని థర్మోస్టాట్‌ని 40కి దించి నీళ్లు గంటల తరబడి నిలవ ఉంచకండి. గోరువెచ్చని నిలవ నీళ్లలో లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, ఆ నీళ్ల సన్నని తుంపర ఊపిరిలోకి వెళితే ఊపిరితిత్తులకు ప్రమాదం. నిలవ ఉంచే నీళ్లు 60 దగ్గర ఉండాలి. నీళ్లు కాచే రాడ్డుకు ఎట్టి పరిస్థితిలోనూ టైమరు పెట్టకండి. మనిషి పక్కన లేకుండా రాడ్డు వెలగకూడదు.

ఈ వారం అభ్యాసం: పైన చెప్పిన ఎనిమిది గంటల పరీక్ష చేసి, మీ గీజరు కారుడు ఎంతో రాసుకోండి. మీ ఇంట్లో రోజుకు వేడి నీళ్లకయ్యే యూనిట్లు సూత్రంతో కట్టి, నాలుగో వంతు కొలబద్దకు ఆనించి చూడండి. గీజరు మీద వాట్లు ఎన్నో, అది ఏ ప్లగ్గులో ఉందో కూడా చూసి పెట్టుకోండి. రెండు కిలోవాట్లది దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, లైట్లకు వాడే 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. అయిదో పాఠంలో 16 ఆంపియర్ల టైమరు బిగింపు, ఎర్తింగు పరీక్ష, ఎలక్ట్రీషియన్‌తో ఏ పని చేయించాలో చూద్దాం.