నోడ్‌కి కనెక్షన్లు పడిపోతే
బిట్‌కాయిన్ కోర్ నోడ్‌లో (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో భాగంగా మీ మెషీన్‌లో నడిచే ప్రోగ్రామ్) వేరే నోడ్‌లతో కనెక్షన్లు తగ్గి 10 దగ్గరే ఆగిపోయాయా? టెన్షన్ పడకండి, అవి నోడ్ తానుగా బయటికి పెట్టుకున్నవి, బ్లాకులు (లావాదేవీల కట్టలు) తెచ్చుకోవడానికి చాలు. బయటి నుంచి కనెక్షన్లు లోపలికి రావడం లేదంతే, వాటికి దారి అయిన 8333 పోర్టు ఎక్కడో మూసుకుపోయి ఉంటుంది. చాలాసార్లు జరిగేదేంటంటే, రౌటర్ రీస్టార్ట్ అయ్యాక నోడ్ ఉన్న మెషీన్‌కి వేరే లోకల్ ఐపీ వస్తుంది, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని ఏ మెషీన్‌కి పంపాలో చెప్పే రౌటర్ సెట్టింగ్) మాత్రం పాత ఐపీకే పంపిస్తూ కూర్చుంటుంది, కాబట్టి ఆ మెషీన్‌కి ఒకే ఐపీ వచ్చేలా రౌటర్‌లో ఫిక్స్ చేసేయండి. రౌటర్‌కి వచ్చిన బయటి ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉందంటే ఎంత ఫార్వర్డ్ చేసినా దండగే, ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతున్నాడన్నమాట. అప్పుడు టార్ (ఐపీ బయటపడకుండా కనెక్ట్ చేసే నెట్‌వర్క్) పెట్టుకోండి, పోర్టు తెరవకుండానే పనైపోతుంది. పూర్తిగా సున్నాకి పడితే అది వేరే కథ, ముందు ఫైర్‌వాల్ చూడండి.