సి ప్రోగ్రామ్‌లో ఏసీఎల్: అసలు చిక్కంతా మాస్క్ దగ్గరే

నా ప్రోగ్రామ్ ఒక లాగ్ ఫైల్ రాస్తుంది. దాన్ని చదవాల్సింది వేరే యూజర్ కింద నడిచే ఇంకో ప్రోగ్రామ్. ఆ ఒక్కరి కోసం కొత్త గ్రూప్ ఎందుకులే అని ఏసీఎల్ (ఫైల్‌ని ఏ యూజర్ ఏం చేయొచ్చో ఒక్కొక్కరికీ విడిగా రాసుకునే అనుమతుల లిస్టు) పెడదామనుకున్నాను. పది లైన్ల పని రెండు సాయంత్రాలు తినేసింది.

లైనక్స్‌లో సిస్/ఏసీఎల్.హెచ్ హెడర్ చేర్చి, లింక్ చేసేటప్పుడు లిబ్‌ఏసీఎల్ పేరు ఇవ్వాలి. ఖాళీ లిస్టుతో మొదలుపెట్టకండి. ఏసీఎల్_గెట్_ఫైల్‌తో ఫైల్‌కి ఇప్పటికే ఉన్నది తెచ్చుకోండి. ఓనర్, గ్రూప్, అదర్స్ ఎంట్రీలు మూడూ అందులోనే వస్తాయి. ఏసీఎల్_క్రియేట్_ఎంట్రీతో కొత్తది చేర్చి, ఏసీఎల్_సెట్_ట్యాగ్_టైప్‌తో ఏసీఎల్_యూజర్ అని చెప్పండి.

తర్వాత ఏసీఎల్_సెట్_క్వాలిఫయర్. దీనికి యూఐడీ (యూజర్‌కి సిస్టమ్ ఇచ్చే నంబర్) ఉన్న వేరియబుల్ అడ్రస్ ఇవ్వాలి. యూజర్ పేరున్న స్ట్రింగ్ ఇచ్చినా కంపైలర్ నోరు మెదపదు, ఎందుకంటే అది తీసుకునేది వాయిడ్ పాయింటర్, అంటే ఏ రకం డేటా అడ్రస్ అయినా సరే. నేను సరిగ్గా అదే చేశాను. పేరు నుంచి యూఐడీ కావాలంటే గెట్‌పీడబ్ల్యూనామ్ ఉంది.

ఏసీఎల్_గెట్_పర్మ్‌సెట్, ఏసీఎల్_యాడ్_పర్మ్‌తో రీడ్ ఇచ్చాక ఏసీఎల్_క్యాల్క్_మాస్క్ తప్పకుండా పిలవాలి. పేరుతో యూజర్ ఎంట్రీ ఉంటే మాస్క్ ఎంట్రీ (అలాంటి యూజర్లకీ గ్రూప్‌లకీ గరిష్ఠంగా ఎంత అనుమతి చెల్లుతుందో చెప్పే హద్దు) కూడా ఉండి తీరాలి, లేకపోతే లిస్టుని ఫైల్ మీద పెట్టే ఏసీఎల్_సెట్_ఫైల్ ఈఇన్‌వాల్ (చెల్లని విలువ అనే ఎర్రర్) అని తిప్పికొడుతుంది. ప్రోగ్రామ్‌ని రెండోసారి నడిపితే అదే యూజర్ మళ్లీ చేరి అప్పుడూ ఫెయిలవుతుంది. అందుకే ముందు ఏసీఎల్_గెట్_ఎంట్రీతో ఉన్నాడేమో వెతకండి. చివర్లో ఏసీఎల్_ఫ్రీ.

ఇదంతా సరిగ్గా రాశాక కూడా ఆ రెండో ప్రోగ్రామ్‌కి పర్మిషన్ దొరకలేదు. ఫైల్ ఏసీఎల్ చూపించే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్ కొట్టి చూస్తే యూజర్ పేరుంది, పక్కన రీడ్ కూడా ఉంది. ఆ లైన్ చివర మాత్రం ఎఫెక్టివ్ అని, మూడు గీతలు, అంటే నిజంగా చెల్లే అనుమతి ఏదీ లేదని. అప్పుడు వెలిగింది: ఏసీఎల్ పెట్టిన తర్వాత, పాత అలవాటుగా, నా కోడ్ 0600తో (ఓనర్‌కి మాత్రమే రీడ్, రైట్) సీహెచ్‌మాడ్ చేస్తోంది. మాస్క్ ఉన్న ఫైల్‌లో గ్రూప్ బిట్లు మారిస్తే మారేది గ్రూప్ ఎంట్రీ కాదు, మాస్క్. అది సున్నా కాగానే నేనిచ్చిన రీడ్ చెల్లకుండా పోయింది. సీహెచ్‌మాడ్ లైన్‌ని ఏసీఎల్ కంటే ముందుకు జరిపాను, పని అయిపోయింది. ఇప్పుడు ఎల్‌ఎస్‌లో గ్రూప్ స్థానంలో రీడ్ కనిపిస్తుంది, చివర ప్లస్ గుర్తు ఉంటుంది. గ్రూప్‌కి రీడ్ ఇచ్చేశానేమో అని కంగారు పడక్కర్లేదు, అక్కడ చూపించేది మాస్కే.

డైరెక్టరీలో కొత్తగా పుట్టే ఫైళ్లకు కూడా ఇదే రావాలంటే ఏసీఎల్_టైప్_డిఫాల్ట్ పెట్టాలి. అంతకుముందు డిఫాల్ట్ లేకపోతే ఏసీఎల్_గెట్_ఫైల్ ఖాళీ లిస్టే ఇస్తుంది, ఆ మూడు మూల ఎంట్రీలూ మనమే చేర్చాలి. దీనికి నేను ఏసీఎల్_ఫ్రమ్_టెక్స్ట్ వాడతాను: లిస్టంతా ఒకే స్ట్రింగ్‌లో రాసేయొచ్చు. పాత ఫైళ్లను ఇది ముట్టుకోదు. డిఫాల్ట్ ఉన్న చోట యూమాస్క్ (కొత్త ఫైళ్ల అనుమతుల్లో కోత పెట్టే ప్రాసెస్ సెట్టింగ్) లెక్కలోకి రాదు కానీ ఓపెన్‌కి ఇచ్చే మోడ్ వస్తుంది. అక్కడ 0600 ఇస్తే మాస్క్ మళ్లీ సున్నా. కనీసం 0640 ఇవ్వండి.

ఆ యూజర్‌కి పై డైరెక్టరీలన్నిటి మీదా ఎగ్జిక్యూట్ ఉందో లేదో కూడా చూసుకోండి. నా రెండో సాయంత్రం పోయింది దానికే.