మన పార్లర్‌లో రిఫరీగా నిలబడాలంటే

గుంటూరు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో స్నూకర్ ఆడే కుర్రాళ్లకు షాట్లు నేర్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. రిఫరీగా ఎలా నిలబడాలో చెప్పేవాళ్లు మాత్రం కనబడరు. ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలన్న పందెం ఉన్నచోట ప్రతి ఫౌల్ దగ్గరా గొడవే. తీర్పు చెప్పమని మార్కర్‌ని (పార్లర్‌లో బాల్స్ పేర్చి, స్కోరు చూసేవాణ్ని) కేకేస్తారు. అతనేమో ఇంకో టేబుల్ దగ్గర బాల్స్ పేరుస్తుంటాడు. చూడని షాట్‌కి తీర్పు ఎలా చెబుతాడు? నేను చాలాకాలం మార్కర్‌గా పనిచేశాను, ఇప్పుడు చిన్న టోర్నమెంట్లకు రిఫరీగా నిలబడుతున్నాను. నాకు తెలిసింది ఒకటే: ఆటగాడు షాట్ కొట్టేలోపే రిఫరీ పని సగం అయిపోవాలి.

ముందు టేబుల్ సంగతి. బాక్ లైన్ (టేబుల్ ఒక చివర అడ్డంగా గీసిన గీత) వైపు నుంచి చూస్తే ఎడమన గ్రీన్, నడుమ బ్రౌన్, కుడిన ఎల్లో. పింక్ తన స్పాట్ (గుర్తు పెట్టిన చోటు) మీద, దాని వెనక రెడ్స్ ట్రయాంగిల్. మొదటి రెడ్ పింక్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి, తగలకూడదు. నిలబడి చూస్తే తెలియదు, పక్కకొచ్చి వంగి చూడండి. బాల్స్ అన్నీ తుడవండి. మన మే నెలలో ఏసీ సరిగా పనిచేయని హాల్లో చెమట, చాక్ పొడి కలిసి బాల్‌కి పడతాయి. అలాంటి బాల్స్ తగిలినప్పుడు దారి తప్పుతాయి, ఆటగాడు పాపం తన చేతినే అనుమానించుకుంటాడు. తెల్ల గ్లౌజులు టీవీలో అందం కోసం వేసుకుంటారని కొందరు అనుకుంటారు. బాల్‌కి చేతి తడి అంటకుండా ఉండటానికే అవి.

ఇక నిలబడే చోటు. కొట్టేవాడి చూపుకి ఎదురుగా నిలబడకండి, మీ నీడ బాల్ మీద పడనివ్వకండి. వైట్ (క్యూతో కొట్టే తెల్ల బాల్) ముందు దేనికి తగులుతుందో స్పష్టంగా కనిపించే పక్కకి చేరండి. అతను వంగాక మీరు కదలకూడదు. షాట్ అయ్యాక మళ్లీ నడవొచ్చు. దీనికి సాధన కావాలి. 1997 ప్రపంచ పోటీలో, ఇంగ్లండ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో రానీ ఓసల్లివన్ అనే ఆటగాడు 147 (బాల్స్ అన్నీ ఒకే విడతలో కొడితే వచ్చే పూర్తి స్కోరు) కొట్టినప్పుడు పట్టిన సమయం 5 నిమిషాల 8 సెకన్లు. అంటే 308 సెకన్లలో 36 షాట్లు. అందులో ప్రతి రెడ్ తర్వాతా కొట్టే బ్లాక్‌ని 15 సార్లు పాకెట్‌లోంచి తీసి మళ్లీ స్పాట్ మీద పెట్టాలి. ఆ రోజు రిఫరీ లెన్ గాన్లీ. అందరూ రానీని చూస్తారు, మీరొకసారి ఆ వీడియోలో రిఫరీ నడకనే చూడండి. ఆటగాడు తర్వాతి రెడ్ మీదికి వంగే వేళకి బ్లాక్ దాని చోటికి చేరిపోతుంది.

స్కోరు పైకి చెప్పేటప్పుడు బ్రేక్ (ఆ విడతలో వరుసగా కొట్టిన పాయింట్లు) మాత్రమే చెప్పాలి. రెడ్‌కి 1, బ్లాక్‌కి 7 కాబట్టి: వన్, ఎయిట్, నైన్... మొత్తం స్కోరు బోర్డు చూసుకుంటుంది. గొంతు ఇద్దరికీ వినబడితే చాలు, పక్క టేబుల్‌కి అక్కర్లేదు.

ఫౌల్ కనిపించగానే 'ఫౌల్' అనేయండి. పాయింట్లు మాత్రం బాల్స్ అన్నీ ఆగాక చెప్పండి. తక్కువలో తక్కువ 4, ఎక్కువలో ఎక్కువ 7. కొట్టాల్సిన బాల్ విలువ, పొరపాటున తగిలిన బాల్ విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. రెడ్ కొట్టాల్సింది బ్లూకి తగిలితే 5, ఎల్లోకి తగిలితే 4. మీరూ గమనించక, అవతలివాడూ అడగక తర్వాతి షాట్ పడిపోతే ఆ ఫౌల్ ఇక లేనట్టే. పార్లర్లలో మూడు షాట్ల తర్వాత పాత ఫౌల్ తవ్వేవాళ్లుంటారు, వాళ్లకి ఈ రూల్ ఆట మొదలవకముందే చెప్పండి.

అసలు పరీక్ష 'ఫౌల్ అండ్ మిస్' దగ్గర. స్నూకర్‌లో (కొట్టాల్సిన బాల్‌కి నేరు దారి మూసుకుపోయిన చోట) ఇరుక్కున్నవాడు శక్తి మేరకు ప్రయత్నించలేదని మీకనిపిస్తే మిస్ అంటారు. అప్పుడు అవతలివాడు తనే ఆడొచ్చు, ఉన్నచోటునుంచి ఇతన్నే ఆడమనొచ్చు, లేదా బాల్స్ పాత చోట్లకి పెట్టించి మళ్లీ కొట్టమనొచ్చు. ఆ మూడోదే మన మెడకి చుట్టుకుంటుంది. టీవీ మ్యాచ్‌లో పైనున్న కెమెరా బొమ్మ చూసి సరిచేస్తారు. మనకి ఆ వసతి లేదు. అందుకే ఎవరైనా స్నూకర్ పెట్టగానే, ఎదుటివాడు లేచి టేబుల్ దగ్గరికి వచ్చేలోపు ఫోన్‌లో ఫొటో తీయండి, ప్రతిసారీ ఒకే మూల నుంచి, ఒకే ఎత్తులో. ఫొటోతో పాటు కంటికి ఆనవాళ్లు పెట్టుకోండి: వైట్ కుషన్‌కి ఎంత దూరం, ఏ రెడ్ వెనక ఏ పాకెట్ అంచు కనిపిస్తోంది. బాల్స్ తిరిగి పెట్టేటప్పుడు ఇద్దర్నీ అడగండి. ఇద్దరూ ఒప్పుకుంటే సరే, ఒప్పుకోకపోతే మీ మాటే ఆఖరు. అడగకుండా పెట్టేస్తే ఎంత కచ్చితంగా పెట్టినా నమ్మరు.

రెండు సంగతులు మర్చిపోకండి. కొట్టాల్సిన బాల్ నేరుగా, నిండుగా కనిపిస్తున్నప్పుడు వరుసగా రెండుసార్లు మిస్ అయితే మూడోదానికి ముందు హెచ్చరించాలి. మూడోసారీ మిస్ అయితే ఫ్రేమ్ (ఆ ఒక్క ఆట) పోతుంది. ఆ హెచ్చరిక అందరికీ వినపడేలా చెప్పండి. రెండోది లెక్క. టేబుల్ మీద మిగిలిన రెడ్స్‌ని 8తో (రెడ్ 1, బ్లాక్ 7) గుణించి, ఆరు కలర్స్‌కి 27 కలపండి. రెండు రెడ్స్ ఉంటే 43. ఒకడు 44 వెనకబడ్డాడంటే ఫౌల్ పాయింట్లు వస్తే తప్ప గెలవలేడు. అలాంటప్పుడు కావాలని తప్పించాడని అనిపిస్తే తప్ప మిస్ అనకూడదు. ఈ లెక్క మీ తలలో ఎప్పుడూ నడుస్తూ ఉండాలి.

ఫౌల్ తర్వాత తన బాల్‌కి దారి మూసుకుపోయిందని ఆటగాడు ఫ్రీ బాల్ (దాని బదులు వేరే బాల్ కొట్టే అవకాశం) అడిగితే వైట్ వెనక కళ్లు ఆనించినంత కిందికి వంగి చూడండి. కొట్టాల్సిన బాల్ రెండు అంచులకీ వైట్ నేరుగా తగిలే దారి ఉందా? ఒక్క అంచు మూసుకుపోయినా ఫ్రీ బాలే. ఆడాల్సిన బాల్‌కి వైట్ ఆనుకుని ఆగితే అడగకముందే 'టచింగ్ బాల్' అని చెప్పాలి. ఆటగాడు దాన్ని కదపకుండా వైట్‌ని పక్కకి కొట్టుకోవచ్చు.

కష్టమైనది మాట్లాడకుండా ఉండటం. మన కుర్రాడు తప్పు కలర్ మీదికి వంగుతుంటే 'ఒరేయ్' అని నోటిదాకా వస్తుంది. అనకూడదు. సలహా ఇచ్చే హక్కు రిఫరీకి లేదు. రంగులు సరిగా కనిపించని ఆటగాడు ఇదేం రంగని అడిగితే మాత్రం చెప్పొచ్చు. 2002 ప్రపంచ ఛాంపియన్ పీటర్ ఎబ్డన్‌కి రంగుల తేడా తెలియని ఇబ్బంది ఉంది. 2010లో గ్లాస్గోలో రానీ పింక్ కొట్టాక 147కి ప్రత్యేక బహుమతి లేదని బ్లాక్ వదిలేసి ప్రత్యర్థితో చేతులు కలిపేశాడు. రిఫరీ యాన్ వెర్హాస్ అభిమానుల కోసం కొట్టమని ఒప్పించాడు. అప్పటికి ఫ్రేమ్ తేలిపోయింది కాబట్టి ఆ మాట ఎవరికీ అన్యాయం చేయలేదు. నాకు ఎంతో ఇష్టమైన రిఫరీ మాట అది.

పార్లర్‌కి వచ్చే ఆడపిల్లలకి కూడా ఈ పని చెప్పండి. మైకేలా టాబ్ పూల్ రిఫరీగా మొదలుపెట్టి 2009లో ప్రపంచ ఫైనల్‌కి నిలబడింది. ఆ ఫైనల్‌కి తొలి మహిళా రిఫరీ ఆమే. ఇది మనకి దూరపు ఆటేమీ కాదు. పుట్టింది 1875లో జబల్‌పూర్‌లో. 2017లో ఇండియన్ ఓపెన్ మన విశాఖలోనే జరిగింది, జాన్ హిగిన్స్ గెలిచాడు.

చివరి బ్లాక్ గురించి ఒక మాట. 1985 ప్రపంచ ఫైనల్ ఆఖరి ఫ్రేమ్ 68 నిమిషాలు సాగింది. చివరి బ్లాక్ కొట్టి డెనిస్ టేలర్ 18-17తో స్టీవ్ డేవిస్‌ని గెలిచాడు. అర్ధరాత్రి దాటాక బ్రిటన్‌లో 1.85 కోట్ల మంది చూస్తుంటే, జాన్ విలియమ్స్ రిఫరీగా ఉన్నాడు. మీ టేబుల్ మీద టెన్షన్ దానికి తక్కువేమీ ఉండదు. బ్లాక్ కూడా అయిపోయి స్కోర్లు సమానమైతే బ్లాక్‌ని స్పాట్ మీద పెట్టి టాస్ వేయండి. గెలిచినవాడు ఎవరు ముందు ఆడాలో చెబుతాడు. వైట్‌ని డి (బాక్ లైన్ దగ్గర గీసిన అర్ధవృత్తం) లోంచి కొట్టాలి. బ్లాక్ పడినా, ఫౌల్ అయినా ఫ్రేమ్ అక్కడితో అయిపోతుంది. నాణెం ఎగరేయకముందే ఇదంతా ఇద్దరికీ వినిపించి, అర్థమైందని ఇద్దరిచేతా అనిపించుకోండి.