మంచం పట్టినవారికి సేవ చేస్తున్నవారు తమ ఆరోగ్యాన్ని కాపాడుకోవడం ఎలా

ఇంట్లో ఒకరు మంచం పడితే, చూడటానికి వచ్చిన చుట్టాలందరి కళ్ళూ ఆ మంచం మీదే ఉంటాయి. పక్కన కూర్చుని చెంచాతో జావ తాగిస్తున్న మనిషి ఎన్ని రాత్రులుగా కంటి నిండా నిద్రపోలేదో, కుదురుగా కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళయిందో అడిగేవారు అరుదు. మా అమ్మ పక్షవాతంతో మూడేళ్ళు మంచంలో ఉన్నప్పుడు నేను చేసిన పొరపాట్లు, వాటిని ఆలస్యంగా దిద్దుకున్న తీరు నాకు ఇది నేర్పాయి: సేవ చేసేవారు తమ ఆరోగ్యం కోసం చేయవలసిన పనుల్లో మొదటిది నిద్రను కాపాడుకోవడం, రెండవది పనిని గంటల లెక్కన పంచడం. తిండి, వ్యాయామం, మనశ్శాంతి ఈ రెండూ కుదిరాకే నిలబడతాయి. ఈ రెండూ లేకుండా యోగా చాప కొనుక్కున్నా అది మూలన పడి ఉంటుంది.

ముందు రాత్రిని సరిచేసుకోండి

పెద్దలకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో అది ఒకే విడతగా దొరకదు కాబట్టి, కనీసం నాలుగైదు గంటలు ఎవరూ లేపని నిద్ర ఒకటి, దానికి తోడు మరొక విడత నిద్ర ఉండేలా చూసుకోవాలి. ఇంట్లో ఇద్దరు ఉంటే రాత్రిని రెండుగా విడగొట్టండి. తొమ్మిదిన్నర నుంచి రెండు గంటల వరకు ఒకరు, రెండు నుంచి ఆరున్నర వరకు మరొకరు బాధ్యత తీసుకోవాలి. తన వంతు కానప్పుడు ఆ మనిషి వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. ఇద్దరూ ఒకే గదిలో పడుకుని ప్రతి మూలుగుకూ ఇద్దరూ లేస్తే వంతులు వేసుకున్న ఫలితం దక్కదు. మేము మొదటి ఆరు నెలలు చేసింది సరిగ్గా అదే.

రాత్రి ఎందుకు లేవవలసి వస్తోందో ఒక వారం పాటు కాగితం మీద రాయండి. చాలా ఇళ్ళలో కారణాలు మూడు నాలుగుకు మించవు, వాటిలో కొన్నింటికి పరిష్కారం ఉంటుంది. రోగికి నీరు తగ్గించే మాత్ర సాయంత్రం వేస్తున్నట్లయితే దాన్ని ఉదయానికి మార్చవచ్చునేమో వైద్యుణ్ణి అడగండి. రోజు మొత్తంలో ఇచ్చే మంచినీళ్ళు తగ్గించకుండా, ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపు పట్టించండి. మగవారికి యూరిన్ బాటిల్ చేతికి అందేంత దూరంలో ఉంచడం, ఆడవారికి రాత్రి పూట మాత్రం పెద్దల డైపర్ వేయడం వల్ల లేవవలసిన సార్లు తగ్గుతాయి. గొంతెత్తి పిలవలేని మనిషి పక్కన ఒక కాలింగ్ బెల్ ఉంచితే, ఆ చిన్న శబ్దం కోసం మీరు చెవి రిక్కించుకుని పడుకోవలసిన పని తప్పుతుంది.

కదలలేనివారిని పడక పుండ్లు పడకుండా సాధారణంగా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ఎయిర్ బెడ్ వేసినంత మాత్రాన తిప్పే పని తప్పదు. అయితే మంచి పరుపు మీద, చర్మం ఎర్రబడకుండా ఉన్న రోగికి రాత్రి వేళ ఆ వ్యవధి పెంచవచ్చునా అన్నది వైద్యుణ్ణి గాని నర్సును గాని అడిగి తెలుసుకోండి. సొంత నిర్ణయంతో పెంచవద్దు. పగలు రోగి పడుకున్న సమయంలో మీరు కూడా ఇరవై, ముప్పై నిమిషాలు నడుము వాల్చండి. ఆ సమయంలోనే గిన్నెలు తోముకోవాలి, బట్టలు ఆరేసుకోవాలి అని మనసు తొందర పెడుతుంది, కానీ గిన్నెలు ఆగుతాయి.

పనిని గంటల లెక్కన పంచండి

"మీకు వీలున్నప్పుడు రండి" అంటే ఎవరూ రారు. వారు చెడ్డవారు కావడం వల్ల కాదు, ఎప్పుడు వచ్చి ఏమి చేయాలో వారికి తెలియకపోవడం వల్ల. "తమ్ముడూ, ప్రతి గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు నాన్న దగ్గర నువ్వు ఉండాలి" అని రోజు, గంట చెప్పి అడిగినప్పుడు కాదనేవారు తక్కువ. అడగడానికి నామోషీ పడే మనస్తత్వం మనలో, అందులోనూ ఇంటి కోడళ్ళలో, కూతుళ్ళలో చాలా బలంగా ఉంటుంది. "నేను చేయలేక అడుగుతున్నాననుకుంటారు" అన్న భయం ఉంటుంది. ఒకరు ఒంటరిగా ఇరవై నాలుగు గంటలు చేయగలిగిన పని కాదు ఇది. ఆసుపత్రిలో ఇదే పనిని నర్సులు షిఫ్టుల వారీగా చేస్తారు.

అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు డబ్బు పంపి ఊరుకోవలసిన పని లేదు. మందులు ఆన్‌లైన్‌లో తెప్పించడం, వైద్యుడి అపాయింట్‌మెంట్లు చూడటం, ఆయా జీతం నేరుగా చెల్లించడం, బీమా కాగితాలు నడపడం వంటివి దూరం నుంచే పూర్తిగా వారి బాధ్యతగా అప్పగించవచ్చు. అమెరికాలో ఉదయం మనకు సాయంత్రం అవుతుంది కాబట్టి, రోజూ ఏడున్నరకు ఒక అరగంట వీడియో కాల్‌లో అమ్మతో మాట్లాడే పని వారికి ఇస్తే, అదే మంచం గదిలో మీరు ఆ అరగంట నిశ్చింతగా కూర్చోగలుగుతారు.

బాధ్యత మరొకరి చేతికి మారాలంటే ఒక నోటు పుస్తకం ఉండాలి. ఏ మాత్ర ఏ వేళకు, తిండికి ముందా తరువాతా, అన్నం ఎంత మెత్తగా కలపాలి, మింగేటప్పుడు తల ఎంత ఎత్తులో ఉండాలి, విరేచనం చివరిగా ఎప్పుడయింది, ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరాలన్నీ అందులో ఉండాలి. ఇవన్నీ మీ తలలోనే ఉన్నంత కాలం మీరు ఇల్లు కదలలేరు. రాసిన రోజు నుంచి మీ అత్తగారి చెల్లెలైనా, పక్కింటి పిన్నిగారైనా మూడు గంటలు చూసుకోగలుగుతారు.

కొందరు రోగులు వేరే చేతితో నీళ్ళు కూడా తాగరు. అటువంటప్పుడు కొత్త మనిషిని పెట్టి ఒకేసారి బయటకు వెళ్ళకండి. మొదటి వారం మీరు ఇంట్లోనే ఉండి, పక్క గదిలో కూర్చుని, అరగంట సేపు వారితో చేయించండి. తరువాత వీధి చివరి దాకా వెళ్ళి రండి. మా అమ్మ మూడు వారాలు అలిగింది, నాలుగో వారం ఆయా పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

నడుము

సేవ చేసేవారిలో మొదట దెబ్బ తినేది నడుమే. మంచం మరీ కిందికి ఉంటే కాళ్ళ కింద గట్టి చెక్క దిమ్మలు వేయించి, కదలకుండా బిగించి, నిలబడినప్పుడు మీ నడుముకు కాస్త దిగువగా పరుపు వచ్చేలా చేయించండి. స్వయంగా మంచం దిగగలిగిన రోగి అయితే మాత్రం ఎత్తు పెంచితే పడిపోయే ప్రమాదం ఉంది, అక్కడ ఎత్తు తగ్గించి మీరే స్టూలు మీద కూర్చుని పని చేయాలి. రోగి భుజాల నుంచి తొడల వరకు కింద ఒక మడత దుప్పటి ఎప్పుడూ పరచి ఉంచితే, పైకి జరపవలసి వచ్చినప్పుడు ఇద్దరు రెండు వైపులా ఆ దుప్పటి పట్టుకుని జరపవచ్చు. మనిషిని ఎత్తే పని ఒక్కరు చేయవద్దు. లేపేటప్పుడు వారి చేతులు మీ మెడ చుట్టూ వేయించుకోకండి, పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగకండి. మొదటిది మీ మెడకూ నడుముకూ ప్రమాదం, రెండవది వారి భుజం కీలుకు ప్రమాదం. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చిన రోజు రోగికి వ్యాయామం చేయించడంతో సరిపెట్టకుండా, లేపే పద్ధతి మీ చేత రెండుసార్లు చేయించి చూడమని అడగండి.

ఈ పనులన్నీ శరీరాన్ని అలసిపోయేలా చేస్తాయి కానీ వ్యాయామానికి సాటి రావు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పది పదిహేను నిమిషాల నడకలుగా విడగొట్టుకున్నా ఆ లెక్కలోకి వస్తుంది.

మీ కంచం, మీ మాత్రలు

రోగికి చేసిన ఉప్పు లేని మెత్తటి అన్నంలో మిగిలింది నిలబడి తినేయడం, మధ్యాహ్నం దాకా రెండు కప్పుల టీతో గడపడం సేవ చేసేవారికి తెలియకుండానే అలవాటవుతుంది. ఉదయం తొమ్మిదిలోపు ఒక పెసరట్టో, రాగి జావతో పాటు ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేరుశనగలో తినండి. మధ్యాహ్నం పప్పులో మునగాకో తోటకూరో వేసుకుని, పైన నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు అందకుండా పోతుంది కాబట్టి ఒక గంట ఆగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఎంత నిద్రపోయినా నిస్సత్తువ తగ్గకపోతే రక్త పరీక్ష చేయించుకోండి. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే అది రక్తహీనతే.

రోగి మాత్రల డబ్బా పక్కనే మీ బీపీ మాత్రల డబ్బా కూడా పెట్టుకుని, వారికి వేసే వేళకే మీరూ వేసుకోండి. ముప్పై ఏళ్ళు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు, కొన్ని రకాల క్యాన్సర్ల ప్రాథమిక పరీక్షలు ఉచితంగా చేస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు రోగి బీపీతో పాటు మీది కూడా చూపించుకోండి.

కోపం వచ్చినప్పుడు

మూడోసారి పక్క తడిపినప్పుడు, పెట్టిన ముద్ద ఉమ్మేసినప్పుడు కోపం వస్తుంది. గొంతు పెంచిన తరువాత రాత్రంతా బాధపడతాము. ఆ కోపం మీరు చెడ్డవారని చెప్పడం లేదు, నిద్ర కొరవడిందని చెబుతోంది. రోగి మంచం మీద నుంచి జారిపడకుండా ఆసరా సరిచూసి, గది బయటకు వచ్చి, ఐదు నిమిషాలు వరండాలో నిలబడండి. కేకలు దాటి చేయి లేచే దాకా వచ్చిందంటే అదే రోజు మరొకరిని పిలిచి బాధ్యత అప్పగించాలి.

రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, ఇష్టమైన పని మీద కూడా మనసు నిలవకపోతే వైద్యుణ్ణి కలవండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, అప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పి, ఆ నంబరుకు ఫోన్ చేయండి.

డబ్బు భారం నిద్రను నేరుగా తింటుంది కాబట్టి రావలసిన సహాయాన్ని వదులుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి, అర్హత ఉంటే, నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. పెద్దల సమస్యలపై సలహా కోసం 14567 ఎల్డర్‌లైన్ నంబరు పనిచేస్తుంది.

సేవ ముగిసిన తరువాత

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మనిషి వెళ్ళిపోయి, పదకొండో రోజు కార్యక్రమం ముగిసి, చుట్టాలు బయలుదేరాక కూడా మీ శరీరం రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేస్తుంది. ఖాళీ అయిన గంటలు ఏమి చేయాలో తోచదు. వాయిదా వేసిన మీ పరీక్షలన్నీ నెల లోపు చేయించుకోండి, అలవాటు చేసుకున్న నడకను ఆపవద్దు. నోటు పుస్తకం పారేయకండి. మా వీధిలో ఇంకొకరి ఇంట్లో పెద్దాయన మంచం పట్టినప్పుడు, మా అమ్మ మందుల పేర్లున్న పేజీలు తీసేసి, తిప్పడం, తినిపించడం, వంతులు వేయడం గురించి రాసుకున్న పేజీలన్నీ వారి కోడలికి ఇచ్చాను. ఆమె మొదటగా అడిగింది రాత్రి వంతుల గురించే.